చంటిగాడి వీసా సంగతి

జుబైల్, సౌదీ అరేబియా

అక్కకు,

నీ వాయిస్ మెసేజ్ నైట్ డ్యూటీ దిగాక విన్నాను. వెల్డింగ్ పని చేసుకునే మన చంటిగాడికి గాజువాక ఏజెంటు హౌస్ డ్రైవర్ పేరుతో 'ఫ్రీ వీసా' ఇప్పిస్తానన్నాడని, ఆ డబ్బుకి నీ గాజులు తాకట్టు పెడతానని అన్నావు. ఫోన్ చేస్తే నువ్వూ బావగారూ ఒకేసారి మాట్లాడతారు, నేను చెప్పేది సగంలో ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను. చంటిగాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

గాజువాక ఏజెంటు చెప్పిన ఫ్రీ వీసా అనేది సౌదీ ప్రభుత్వం దగ్గర ఎక్కడా లేదు. పనికి వచ్చే ప్రతివాడి వీసా మీదా ఒక యజమాని పేరుంటుంది. అతన్నే కఫీల్ అంటారు. ఎవడో ముక్కూమొహం తెలియని కఫీల్ పేరు మీద వీసా కొనుక్కుని, ఇక్కడికొచ్చి బయట పని వెతుక్కోవడాన్నే ఏజెంట్లు ఫ్రీ వీసా అంటున్నారు. ఇక్కడి చట్టం ప్రకారం అది నేరం. పట్టుబడితే జరిమానా, జైలు, ఆపైన ఇంటికి పంపేయడం.

మరి వెల్డరుకి హౌస్ డ్రైవర్ వీసా ఎందుకు అంటగడతారంటావా? కంపెనీలు తాము పెట్టుకున్న ఒక్కో విదేశీ పనివాడికి, కొన్ని మినహాయింపులు పోను, నెలకు 800 రియాళ్ల దాకా ప్రభుత్వానికి కట్టాలి. ఇంటి డ్రైవరు, తోటమాలి లాంటి వీసాలకు మామూలుగా ఆ భారం ఉండదు. అందుకని అవి చవగ్గా దొరుకుతాయి. టెస్టు కూడా అక్కర్లేదన్నాడని మురిసిపోయావు గానీ, కిటుకంతా అందులోనే ఉంది. వెల్డర్ వీసాకైతే ఇప్పుడు స్కిల్ టెస్టు పాసవ్వాలి. హౌస్ డ్రైవర్‌ని వెల్డింగ్ చేసి చూపించమని ఎవరడుగుతారు?

మా సైట్‌లో సోంపేట కుర్రాడొకడున్నాడు, స్కాఫోల్డింగ్ పని. అకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, దాని మీద వృత్తి మాత్రం హౌస్ డ్రైవర్. వాడికి స్టీరింగ్ పట్టుకోవడం కూడా రాదు. పేరు వాడుకోనిచ్చినందుకు కఫీల్‌కి నెలనెలా 300 రియాళ్లు కట్టేవాడు. వాడిని సైట్‌లో పనికి పెట్టిన సప్లై కాంట్రాక్టరు జీతం ఆపేసినప్పుడు అది కట్టలేకపోయాడు. కఫీల్ ఫోన్‌లో రెండు నొక్కులు నొక్కి 'పనిలోంచి పారిపోయాడు' అని రిపోర్టు పెట్టేశాడు. దాన్ని హురూబ్ అంటారు. ఆ తర్వాత బ్యాంకు కార్డు పనిచేయలేదు, అకామా రెన్యువల్ ఆగిపోయింది. చెక్‌పోస్టు ఉందంటే చాలు, క్యాంపు దాటడు. ప్రతి శుక్రవారం అకామా నంబరు కొట్టి స్టేటస్ మారిందేమోనని చూస్తాడు, మళ్లీ అదే మాట వస్తుంది. జీతం ఎగ్గొట్టిన కాంట్రాక్టరు మీద కేసు పెట్టమంటే, కాగితం మీద వాడు ఆ కాంట్రాక్టరు మనిషే కాడాయె. ఇంటికి పోదామన్నా సొంతంగా టికెట్ కొనుక్కుని విమానం ఎక్కలేడు. తర్హీల్, అంటే దేశం నుంచి పంపేసే ఆఫీసు, ఆ దారి పట్టాల్సిందే.

కఫాలా, అంటే ఈ కఫీల్ పద్ధతి, తీసేశారని యూట్యూబ్‌లో చూశానన్నాడట చంటి. పూర్తిగా అబద్ధం కాదు. 2021 మార్చిలో రూల్స్ మార్చారు. ఒప్పందంలో ఏడాది పూర్తయితే కఫీల్ అనుమతి లేకుండా వేరే కంపెనీకి మారవచ్చు, సెలవు మీద ఊరెళ్లడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ (వెళ్లి తిరిగి రావడానికి పర్మిషన్) మనమే పెట్టుకోవచ్చు. నాలాంటి కంపెనీ వీసావాళ్లకు అది నిజంగానే మేలు చేసింది. కానీ ఆ మార్పుల్లోంచి ఇంటి డ్రైవర్లను, పనిమనుషులను, తోటమాలులను, గొర్రెల కాపరులను తప్పించారు. చంటిగాడికి ఇస్తానంటున్నది సరిగ్గా ఆ వీసాయే! పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదని కూడా రూలుంది. అయినా చాలామంది పాస్‌పోర్టులు కఫీల్ బీరువాలోనే ఉన్నాయి.

మన వైపు సంగతి ఇంకోటి. వాడు పదో తరగతి పాసయ్యాడు కాబట్టి పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అది మంచిదేనని ఏజెంటు చెప్పి ఉంటాడు. కానీ ఆ క్లియరెన్స్ ఇచ్చేటప్పుడే ఒప్పందం కాగితాలు చూస్తారు. 10 లక్షల బీమా కూడా అప్పుడే తప్పనిసరిగా చేయిస్తారు. మనవాడి ఒప్పందం కాగితాలు అలా ఎవరూ చూడరు. మనమే చూసుకోవాలి.

కాబట్టి గాజులు తాకట్టు పెట్టే ముందు ఆ ఏజెంటు లైసెన్సు నంబరు అడుగు. మన ప్రభుత్వం వాళ్ల ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో కొడితే అసలో నకిలీయో తెలిసిపోతుంది. లైసెన్సున్న ఏజెంటు సర్వీస్ చార్జి కింద 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. వీడు లక్షా అరవై అడుగుతున్నాడు, అదీ రసీదు లేకుండా. వీసా కాపీ అడిగి నాకు వాట్సాప్ చెయ్యి. వృత్తి, కఫీల్ పేరు అరబీలో ఉంటాయి, మా ఫోర్‌మన్ చదివి చెబుతాడు. కాపీ ఇవ్వనంటే ఇంక మాటే వద్దు.

వాడిని రావద్దనడం లేదక్కా. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని ఎప్పుడుంటుందో, ఎప్పుడు ఊడుతుందో నాకు తెలియనిది కాదు. ముందు 6జీ (పైపు వెల్డింగ్) టెస్టుకి చెయ్యి తిప్పుకోమను, ఖర్చు నేను పంపుతాను. మా కంపెనీ షట్‌డౌన్ పనులకు (ప్లాంటు ఆపి చేసే రిపేర్లకు) మనుషుల్ని తీసుకునేటప్పుడు కబురు పెడతా. కంపెనీ వీసా రావడానికి ఆలస్యమవుతుంది, అవనీ.

అమ్మ మోకాలి నొప్పికి కేజీహెచ్ ఆసుపత్రిలో చూపించారా? బావగారిని అడిగినట్టు చెప్పు. ఏజెంటు దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దు, బావగారిని తీసుకెళ్లు. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. ఆలోగా వీసా కాపీ పంపు.

నీ తమ్ముడు