మామగారి ముత్తాత బాకీ లెక్క

ఒరేయ్ శీనూ,

మూడు నెలలుగా ఫోన్ ఎత్తడం లేదని తిట్టావుగా. తిట్టు, తప్పు నాదే. ఇక్కడ స్కాట్లండ్‌లో, డండీలో రోజూ రాత్రి పన్నెండింటి దాకా నేను చనిపోయినవాళ్ళ వెంట తిరుగుతున్నాను. మన వాళ్ళ వెంట కూడా కాదు, మా ఆవిడ తరఫు వాళ్ళ వెంట!

మా మామగారి గురించి నీకు తెలుసుగా, పెళ్ళికి వచ్చినప్పుడు పంచె జారిపోతుందేమోనని బెల్టు పెట్టుకున్న పెద్దమనిషి. ఆయన దగ్గర ఒక పాత ఫోటో ఉంది. రాతి ఇంటి ముందు గడ్డం మనిషి ఒకడు, చేతిలో తుపాకీ, కాళ్ళ దగ్గర రెండు కుక్కలు. ఆయన ముత్తాతట. పెర్త్‌షైర్‌లో బ్రెడాల్బేన్ ప్రభువుల ఎస్టేటులో గేమ్‌కీపర్, అంటే దొరల వేట కోసం అడవినీ పక్షుల్నీ కాపలా కాసేవాడు. 1842లో విక్టోరియా రాణి, ఆల్బర్ట్ యువరాజు ఆ ప్రభువుల టేమౌత్ కోటకు వచ్చినప్పుడు యువరాజు తుపాకీ మోసింది ఈయనేనట. ప్రతి క్రిస్మస్‌కీ రెండో గ్లాసు దగ్గర ఈ కథ వస్తుంది. పోయిన క్రిస్మస్‌కి నేను నోరు జారి, "కాగితాలు చూద్దామా మామయ్యగారూ" అన్నాను. ఇంకేముంది, ఇరుక్కుపోయాను.

ఇక్కడ కాగితాలకు లోటు లేదురా. స్కాట్లండ్‌లో 1855 జనవరి 1 నుంచి పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ ప్రభుత్వ రిజిస్టర్లలో ఉన్నాయి. అంతకు ముందువి చర్చి పుస్తకాలు. అన్నీ స్కాట్లండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. వెతకడం ఉచితం, పేజీ తెరవాలంటే క్రెడిట్లు కొనాలి. ఆన్‌లైన్ రమ్మీ కంటే ప్రమాదకరం.

ముందుగా మరణ రిజిస్టర్ తెరిచాను. ఇక్కడివాళ్ళ మరణ నమోదులో చనిపోయినవాడి తండ్రి పేరు, ఆయన చేసే పని, తల్లి పేరు, దాంతోపాటు ఆమె పుట్టింటి ఇంటిపేరు కూడా రాస్తారు. సమాధి రాళ్ళ మీద కూడా ఆడవాళ్ళ పుట్టింటి పేరే తరచుగా కనిపిస్తుంది. మన దగ్గర పెళ్ళితో ఆడపిల్ల ఇంటిపేరు మాయం. దీని సంగతి చివర్లో చెప్తాను, నీతో పని ఉంది.

ముత్తాత 1901లో పోయాడు, వయసు 66. లెక్క వేసుకో. 1842లో ఆయనకి ఏడేళ్ళు! ఏడేళ్ళ పిల్లాడు యువరాజు తుపాకీ మోయడమా? మా ఆవిడ వంటగదిలోకి పరిగెత్తి నవ్వింది. మామగారు మాత్రం "రిజిస్ట్రార్ తప్పు రాసుంటాడు" అన్నారు.

సరే, రిజిస్ట్రార్‌ని వదిలేసి చర్చి పుస్తకంలోకి దిగాను. అక్కడ నెల రోజులు వేరే మనిషి వెంట పడ్డాను. వీళ్ళకీ మనలాగే తాతల పేర్లు పెట్టే అలవాటు ఉంది, ఇంకా పద్ధతిగా. మొదటి కొడుక్కి నాన్న నాన్న పేరు, రెండోవాడికి అమ్మ నాన్న పేరు, మూడోవాడికి తండ్రి పేరు. మొదటి కూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నాయనమ్మ పేరు. ఇప్పుడు నలుగురు అన్నదమ్ములు ఉన్నారనుకో, నలుగురూ పెద్దకొడుకులకి ఒకే తాత పేరు పెడతారు. ఒకే చర్చి పరిధిలో, ఒకే ఇంటిపేరుతో, అటూ ఇటూగా ఒకే వయసున్న నలుగురు డంకన్‌లు. నేను పట్టుకున్న డంకన్ కెనడా వెళ్ళి స్థిరపడ్డాడు పాపం. తల్లి పుట్టింటి పేరు సరిపోల్చాక గానీ మనవాడు దొరకలేదు. 1835లోనే పుట్టాడు, కెన్‌మోర్ చర్చి పరిధిలో, లాక్ టే సరస్సు ఒడ్డున. రిజిస్ట్రార్ తప్పేమీ లేదు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మాత్రం 1843 తర్వాత ఆ పుస్తకంలో కనిపించరు. ఆ ఏడాది చర్చి రెండుగా చీలింది, చాలామంది ఫ్రీ చర్చి అనే కొత్త చర్చికి వెళ్ళిపోయారు. 1851 జనాభా లెక్కల్లో చూస్తే పిల్లలందరూ క్షేమం.

ఇంకో సంగతి. మనవాడు మొదట్లో గేమ్‌కీపర్ కాదు, నాగలి దున్నేవాడు. మన దగ్గర పాలేరుని ఏడాదికి కుదుర్చుకున్నట్టే అక్కడా పెళ్ళైనవాణ్ణి ఏడాదికి, పెళ్ళికానివాణ్ణి ఆరు నెలలకి కుదుర్చుకునేవాళ్ళు. అందుకోసం సంతలే జరిగేవి. కొంత డబ్బు, కొంత ఓట్స్ పిండి, పాలు, బంగాళాదుంపలు. ఇల్లు ఉద్యోగంతో పాటే వస్తుంది, ఉద్యోగంతో పాటే పోతుంది. గడువు తీరగానే పెట్టే బేడా, పిల్లా మేకా బండెక్కించుకుని పక్క పొలానికి. ఆయన మొదటి ముగ్గురు పిల్లలు మూడు చోట్ల పుట్టారు: కెన్‌మోర్, ఫోర్టింగల్, డల్. అవున్రా, డల్ అనే ఊరు నిజంగా ఉంది. అమెరికాలో బోరింగ్ అనే ఊరితో జత కట్టింది కూడా. పిల్లలు పుట్టిన ఊళ్ళను వరుసగా మ్యాప్‌లో పెడితే ఆయన ఎక్కడెక్కడ పని చేశాడో దారి గీసినట్టు తెలుస్తుంది.

1861 నుంచి ఇక్కడి జనాభా లెక్కల్లో ఒక వింత ప్రశ్న ఉంది: కిటికీ ఉన్న గదులు ఎన్ని? 1871లో వీళ్ళింట్లో తొమ్మిది మంది, కిటికీ ఉన్న గదులు రెండు. 1881లో గేమ్‌కీపర్ అయ్యాక మూడు. ఆ ఫోటోలో గడ్డం ఆయన అంత గర్వంగా ఎందుకు నిలబడ్డాడో ఆ మూడో కిటికీ చూశాక అర్థమైంది నాకు. 1891లో అడిగితే ఇక్కడి పాత భాష గేలిక్, ఇంగ్లీషు రెండూ వచ్చని చెప్పాడు. మామగారికి గేలిక్‌లో ఒక్క ముక్క రాదు. (మా అమ్మాయి తెలుగు గురించి నువ్వేం మాట్లాడకు.)

ఇంత తవ్వినా ముత్తాత తండ్రి అంతు చిక్కలేదు. 1841 జనాభా లెక్కల్లో "కూలీ, 40" అని ఉంది, అంతే. ఆ 40 కూడా నమ్మడానికి లేదు, ఆ ఏడాది పెద్దవాళ్ళ వయసులు అయిదేసి ఏళ్ళ లెక్కకి దించి రాశారు, 44 ఉన్నా 40 అనే. అప్పుడు మామగారిని తీసుకుని ఎడిన్‌బరో వెళ్ళాను. ప్రిన్సెస్ స్ట్రీట్ చివర రిజిస్టర్ హౌస్ అని రాబర్ట్ ఆడమ్ కట్టిన భవనం, 1774లో పునాది. బ్రెడాల్బేన్ వాళ్ళ ఎస్టేటు కాగితాలు అక్కడి ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అబర్‌ఫెల్డీ నుంచి పడమటి సముద్రం దాకా దాదాపు 100 మైళ్ళు వాళ్ళ భూమే నడిచేదట. ఆ లెక్కలు చూసుకోవడానికి ఫ్యాక్టర్ అని మన జమీందారీ దివానులాంటివాడు ఉండేవాడు. ప్రతి పైసా రాసి పెట్టాడు మహానుభావుడు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. మామగారు స్కూలు పిల్లాడిలా పెన్సిల్ పట్టుకుని కూర్చున్నారు.

మధ్యాహ్నం మూడింటికి దొరికింది. కౌలు లెక్కల పుస్తకం, 1837. ముత్తాత తండ్రి పేరు, సరస్సు ఒడ్డున చిన్న కమతం, కట్టాల్సిన కౌలు, పక్కన బాకీ. ఒక్క వరస. తర్వాతి పుస్తకంలో ఆ పేరు లేదు. 1834లో గద్దెనెక్కిన బ్రెడాల్బేన్ ప్రభువు, రెండో మార్క్విస్ హయాంలో ఆ ఒడ్డున చాలా కుటుంబాలను ఖాళీ చేయించారు. 1841కి ఈయన కూలీ.

అంటే కౌలురైతుగా ఆయన బతికిన బతుక్కి నాకు దొరికిన సాక్ష్యం తీర్చని బాకీ ఒక్కటే! మామగారు చాలాసేపు ఆ వరస మీద వేలు పెట్టి, తాకకుండా, గాల్లో ఉంచి కూర్చున్నారు. తిరుగు రైల్లో ఒక్కటే అన్నారు: "అయిదేళ్ళకి అదే ఎస్టేటుకి రాణి వస్తే దీపాలు వెలిగించారు." ఈ క్రిస్మస్‌కి యువరాజు తుపాకీ కథ రాలేదు. నాకే ఏదో వెలితిగా అనిపించింది, నిజం చెప్పొద్దూ.

ఇప్పుడు నీ పని. రైల్లో ఆయన అడిగారు, "మరి మీ నాయనమ్మ పుట్టింటి పేరేమిటి?" అని. నోట మాట రాలేదురా. ఆవిడ వండిన పులుసు రుచి గుర్తుంది, పుట్టిన ఊరు తెలియదు. మీ తెనాలికి పది మైళ్ళలోనే మా పెద్దత్తయ్య ఉందిగా, 88 ఏళ్ళు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఒకసారి కలువు. ఎడమ చెవి దగ్గర గట్టిగా మాట్లాడాలి. పొద్దున్నే వెళ్ళు, మధ్యాహ్నమైతే నిద్రపోతుంది. నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు, ఊరు, వాళ్ళ నాన్న పేరు, ఈ మూడూ అడుగు. ఫోన్‌లో రికార్డ్ చెయ్యి, నీ చేతిరాత నాకు అక్కర్లేదు.

ఆవిడ నిన్ను గుర్తుపట్టకపోతే, జామచెట్టు మీంచి పడ్డవాణ్ణి అని చెప్పు.

నీ
రాజు