గడ్డిమందు, లివరు

శీనూ,

ఎలా ఉన్నావురా? పత్తి సాళ్ల మధ్య గడ్డికి పారాక్వాట్ కొడుతున్నానన్నావు. "గడ్డిని చంపే మందు నా లివర్‌నేం చేస్తుందిరా" అని నవ్వావు కూడా. ఫోన్‌లో చెబితే సగంలో పెట్టేస్తావు, అందుకే ఉత్తరం.

కాలేయ కణాల్లో సైటోక్రోమ్ పి450 అనే ఎంజైములుంటాయి. మనం మింగే మాత్రల్ని, ఒంట్లో చేరిన విషాల్ని ఆక్సీకరణం చేసి బయటికి పంపేందుకు సిద్ధం చేస్తాయి. అందుకు ఎలక్ట్రాన్లు కావాలి. కణంలో ఎలక్ట్రాన్లు మోసే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు దగ్గర వాటిని తీసుకుని అందించేది రిడక్టేజ్ అనే ఇంకో ఎంజైము. పారాక్వాట్ సరిగ్గా అక్కడ దూరుతుంది. పి450కి పోవాల్సిన ఎలక్ట్రాన్‌ని తాను తీసుకుని ఆక్సిజన్‌కి అంటగడుతుంది, మళ్లీ ఎప్పటిలా తయారై ఇంకోదానికి చెయ్యి చాపుతుంది. మార్కెట్ యార్డులో దళారి అనుకో. సరుకు చేతులు మారుతుంటుంది, తనకేం కాదు.

ఇది కంటితో చూడొచ్చు. కాలేయం రుబ్బి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి మైక్రోసోములు, అంటే ఈ ఎంజైములున్న పొర ముక్కలు, తీస్తారు. ఆక్సిజన్ లేకుండా చేసి ఎన్‌ఏడీపీహెచ్, పారాక్వాట్ కలిపితే ద్రవం నీలంగా మారుతుంది. గాలి తగిలిందా, చటుక్కున రంగు పోతుంది. అంటే ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌కి చేరిపోయిందన్నమాట. ఈ రంగు కోసమే 1930లలో మిథైల్ వయొలోజెన్ పేరుతో దీన్ని ల్యాబుల్లో సూచికగా వాడారు. గడ్డిమందుగా బజారుకొచ్చింది 1962లో!

అసలు గొడవ ఆ తర్వాతే. ఎలక్ట్రాన్ అందిన ఆక్సిజన్ సూపరాక్సైడ్ అవుతుంది, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, ఇనుము తోడైతే కణం పొరల్లోని కొవ్వు పాడవుతుంది. కాచుకోవడానికి కణంలో గ్లూటాథయోన్ అనే పదార్థం ఉంది కానీ, దాన్ని తిరిగి పనికొచ్చేలా చేయడానికీ ఎన్‌ఏడీపీహెచ్చే కావాలి. అదేమో ఈలోపు ఖర్చైపోతుంటుంది. అటు పి450 పనీ కుంటుపడుతుంది.

గడ్డిలోనూ ఇదే కథ, కాకపోతే అక్కడ ఎలక్ట్రాన్లు కిరణజన్య సంయోగక్రియ నుంచి దొరుకుతాయి. అందుకే ఎండలో ఆకు అంత తొందరగా మాడుతుంది.

మనిషికి లివరు, కిడ్నీలకంటే ఊపిరితిత్తులు పెద్ద గండం, ఈ మందు అక్కడికి చేరి పోగుపడుతుంది. ఆయాసపడుతున్నా డాక్టర్లు ఆక్సిజన్ పెట్టడానికి వెనకాడతారు, పెడితే మంటకి ఇంకా ఆజ్యం పోసినట్టే. విరుగుడు లేదురా దీనికి.

మామూలు చర్మం లోంచి పెద్దగా దిగదు. పుండ్లు, గీరుకుపోయిన చోట్ల నుంచి దిగుతుంది. నీ వీపు మీద ట్యాంకు కారుతోందన్నావు చూడు, నా టెన్షనంతా అదే. ముందు ఆ వాషరు మార్చు. అప్పటిదాకా కూలీలతో కలుపు తీయించు, డబ్బులు నేను పంపుతా. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి