మధ్యాహ్నం ఖాళీగా ఉండే కెమెరా

పక్షవాతం వచ్చినవాళ్ల మెదడులో రక్తం ఎంత చిక్కగా ఉందో చెయ్యి నరం నుంచి తీసిన రక్తంతోనే అంచనా కట్టి ఊరుకుంటున్నాం. పెద్ద నాళాల్లో కంటే మెదడులోని సన్నని నాళాల్లో రక్తంలో ఎర్రకణాల వాటా తక్కువ. ఎంత తక్కువో ల్యాబ్ రిపోర్టులో ఆ వాటాను చూపే హెమటోక్రిట్ అంకె చెప్పదు. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం అంటించిన ఎర్రకణాలతో ఒకసారి, అదే అంటించిన ఆల్బుమిన్ అనే రక్తపు ప్రోటీన్‌తో ఇంకోసారి స్పెక్ట్ స్కాన్ తీస్తే కణాలెంతో, ప్లాస్మా (రక్తంలోని ద్రవం) ఎంతో విడివిడిగా తేలుతుంది. నేను పనిచేసేది ఈ స్కాన్ తీసే గామా కెమెరా దగ్గరే. పొద్దున వరసపెట్టి థైరాయిడ్, ఎముకల స్కాన్లు. మధ్యాహ్నం రెండు దాటితే మిషన్ ఖాళీ. టెక్నీషియం 6 గంటలకు సగమైపోతుంది, వాడగా మిగిలింది సీసం డబ్బాలోనే ఉండి ఉండి చల్లారిపోతుంది. పక్షవాతం రోగిని మా గదికి తేవడం మాత్రం అరుదు. అలాగని ఎమర్జెన్సీలో దీనికోసం ఆగమనడం లేదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, అక్కడ సీటీ స్కానే ముందు. గండం గడిచాక చెయ్యాల్సిన పని ఇది. కెమెరా ఉన్న బోధనాసుపత్రుల్లో న్యూరాలజీ, న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లు కలిసి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాక, రోగి అనుమతితో, అతని మీద పైసా భారం పడకుండా వారానికి ఒక మధ్యాహ్నం ఈ పరిశోధనకు కేటాయించాలి. ఆ ఖర్చును వైద్యవిద్య శాఖ భరించాలి.

– ఒక న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియన్, విజయవాడ