డాబా కారితే పూత బకెట్ కొనేముందు నీళ్లు కట్టి చూడండి

సంపాదకులకు,

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను. అక్టోబరు వస్తే మన శ్రీకాకుళం జిల్లాలో మబ్బుకేసి చూడని వాళ్లుండరు. వాన వెలిశాక చూపు ఇంటి కప్పు మీదికి మళ్లుతుంది. సరిగ్గా అప్పుడే ‘లీకేజీకి పదేళ్ల గ్యారంటీ’ అంటూ బయటి ఊళ్ల వాళ్లు దిగుతారు. రెండు పూటల్లో డాబా అంతా తెల్లగా పూసేసి, డబ్బు పట్టుకుని వెళ్లిపోతారు. మళ్లీ కారితే ఫోను ఎత్తేవాడుండడు. ఈ పని ఊళ్లో ఉండే తాపీ మేస్త్రికి అప్పగించడమే మేలు. అయితే నోటిమాటతో సరిపెట్టుకోకుండా కొలతలు రాసుకుని అప్పగించాలి.

ముందు నీరు ఎక్కణ్నుంచి దిగుతోందో తేలాలి. వాన చుక్క లేని ఏప్రిల్లోనూ మరక తడిగానే ఉందంటే, అనుమానించాల్సింది ట్యాంకునీ గోడలోని గొట్టాన్నీ. వాన మొదలైన అరగంటలో చుక్క పడితే పగులో, గొట్టం చుట్టూ సందో ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు మరక పెరుగుతుంటే పైన నీరు నిలిచి ఇంకుతోందన్నమాట. మరకకు నేరుగా పైనే పగులు ఉంటుందని నమ్మకూడదు. శ్లాబులో వేసిన కరెంటు పైపు వెంట నీరు పోయి పోయి ఫ్యాను కొక్కెం దగ్గర దిగడం మామూలే. అలా దిగుతుంటే ముందు ఆ గదికి కరెంటు ఆపాలి.

నీళ్లు కట్టి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. తూముల్లో గుడ్డలు కుక్కి, మట్టికట్టలతో డాబాను మూడు నాలుగు మడులుగా విడగొట్టి, ఒక్కో మడిలో అంగుళం నీరు నిలిపి 48 గంటలు ఉంచితే ఏ మడి కారుతోందో తెలిసిపోతుంది. మొత్తం ఒకేసారి నింపే పనైతే వెయ్యి చదరపు అడుగులకు అంగుళం నీరంటే 2,360 లీటర్లు, రెండు టన్నులకు పైగా బరువు. పెచ్చులూడి ఇనుము బయటపడ్డ శ్లాబు మీద ఈ పరీక్ష వద్దు. ముందు ఇంజనీరు చూడాలి.

మన దగ్గర ఎక్కువ డాబాలకు పట్టిన రోగం వాలు లేకపోవడం. పది అడుగులకు అంగుళంపావు వాలు తూము వైపు ఉండాలి. ట్యూబు లెవెల్ (నీళ్లు నింపిన సన్న గొట్టంతో మట్టం చూసే సాధనం) పట్టకుండా కంటితో చూసి ‘ఉందిలెండి’ అనే మేస్త్రిని నమ్మకండి. సుమారు 400 చదరపు అడుగులకు ఒక 4 అంగుళాల గొట్టం అవసరం. వెయ్యి అడుగుల డాబాకు ఒక్క తూము పెట్టి, అదీ రావి ఆకులతో పూడిపోతే, ఏ పూత వేసినా దండగే. ఇంకో తప్పు, పాత పొర తీయకుండా దాని మీదే రెండంగుళాల కాంక్రీటు పోయడం. వెయ్యి చదరపు అడుగులకు అది 11 టన్నులు దాటుతుంది. ఇరవై ఏళ్ల శ్లాబు నెత్తిన అంత బరువు పెట్టమని ఎవరు చెప్పారో అడగాలి. సుత్తితో కొడుతూ వెళ్తే పాత పొర డొల్లగా మోగేచోట్లు తెలుస్తాయి. వాటిని కొట్టి తీసేశాకే కొత్త పని.

తూము నోటి దగ్గర కాస్త ఆగి చూడండి. పిట్టగోడలోంచి పీవీసీ గొట్టం పోయేచోట వెంట్రుకంత సందు కనిపిస్తుంది. నున్నటి ప్లాస్టిక్‌ను సిమెంటు పట్టదు, ఎండకు గొట్టం సాగి ముడుచుకునేసరికి విడిపోతుంది. గొట్టం బయటి అంచును గరుకు కాగితంతో రుద్ది, పైపులు అతికించే సొల్యూషన్ పూసి, తడి ఆరకముందే పొడి ఇసుక చల్లాలి. ఆ గరుకు మీద సిమెంటు కూరితే పట్టుకుంటుంది. ఇరవై నిమిషాల పని, చేసేవాళ్లు తక్కువ. పిట్టగోడ, శ్లాబు కలిసే మూలలో కూడా మూడంగుళాల మేర గుండ్రంగా ఏటవాలు కట్టాలి. అక్కడ మొలిచిన రావి మొక్కను పైకి పీకితే వేరు లోపలే ఉండిపోతుంది, గోడ కొంత తవ్వి తీయాల్సిందే.

పగుళ్లను వీ ఆకారంలో పావు అంగుళానికి పైగా కోసి, ధూళి ఊదేసి, పాలిమర్ (పట్టు పెంచే రసాయనం) కలిపిన సిమెంటుతో నింపాలి. పూత సంగతికొస్తే, పొడి, ద్రవం కలిపి వాడే సిమెంటు రకానికి డాబా తడిసి ఉండాలి, నీరు మాత్రం నిలవకూడదు. బకెట్లోంచి నేరుగా పూసే అక్రిలిక్ రకానికి పూర్తిగా ఎండి ఉండాలి. తారుమారైతే బుడగలొచ్చి పొరలుగా లేస్తుంది. రెండో పూత మొదటిదానికి అడ్డంగా పడాలి. డబ్బా మీద లీటరుకు రెండు పూతలు కలిపి 15 చదరపు అడుగులని రాసి ఉంటే, 900 అడుగులకు 60 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు మూడు. రెండింటితో ముగిసిందంటే నీళ్లు కలిపారన్నమాట. ఖాళీ బకెట్లు లెక్కపెట్టుకోండి, మొహమాటం అక్కర్లేదు.

కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లది వేరే కథ. ఉప్పు కాంక్రీటులోకి చేరి ఇనుమును తినేస్తుంది, తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కింది పెచ్చును తోసేస్తుంది. ఊడినచోట సిమెంటు మెత్తితే ఏడాదికి మళ్లీ ఊడుతుంది. కమ్మీ వెనక వేలు దూరేంత వరకు కొట్టి, వైరు బ్రష్షుతో తుప్పు మొత్తం తీసి, తుప్పు నిరోధక ప్రైమరు పూసి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలును పొరలుగా ఎక్కించాలి. కమ్మీ పావు వంతు అరిగిపోతే పక్కన కొత్త కమ్మీ వేయాలి. ఇనుము ఉండే కాంక్రీటుకు కలిపే నీటిలో క్లోరైడు (ఉప్పులో ఉండేదే) లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకు దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. తీరంలో ఉప్పగా ఉండే బోరు నీటితో ఈ పని చేయడమంటే మందులో విషం కలపడమే. నాగావళి, వంశధార ఇసుక దొరికే జిల్లాలో సముద్రపు ఇసుక వాడటానికి సాకే లేదు.

మేస్త్రితో కాగితం మీద రాసుకోవాల్సినవి కొన్నే. పని కొలత, ఎన్ని పూతలు, సామాను ఎవరు కొంటారు, చెత్త ఎవరు దింపుతారు, పని అయ్యాక మళ్లీ 48 గంటలు నీళ్లు కట్టడం. సామాను ఇంటివాళ్లే కొని కూలి గుత్తకు ఇస్తే తేడాలు తక్కువ. సిమెంటు బస్తా మీద తయారీ తేదీ చూడాలి, మూడు నెలలు దాటితే వద్దు. మొత్తంలో ఐదో వంతు మొదటి పెద్ద వాన పడ్డాక ఇస్తామని ముందే చెప్పాలి. పక్క వీధి మేస్త్రి ఒప్పుకుంటాడు, వానాకాలంలో అతనూ ఇక్కడే ఉంటాడు గనక. పిట్టగోడ అవతల పనికి తాడు కట్టించడం మాత్రం ఇంటివాళ్ల బాధ్యతే.

హైదరాబాదు, చెన్నై అపార్ట్‌మెంట్లు లేపేది సిక్కోలు చేతులే, సిక్కోలు డాబాలకు మాత్రం మేస్త్రి దొరకడు. సంక్రాంతికి వచ్చినవాళ్లు తిరిగి రైలెక్కేలోపు మాట్లాడుకుంటే ఫిబ్రవరి, మార్చిల్లో పొద్దుటి చల్లదనంలో పని ముగుస్తుంది. గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదైన స్థానిక మేస్త్రీల పేర్లను, వాళ్ల అనుమతితో, ఎవరికి ఏ పని వచ్చో రాసి సచివాలయం గోడ మీద అంటించమని అధికారులను కోరుతున్నాం. ఆ కాగితం సంక్రాంతికి ముందే అంటించాలి.

– కొందరు తాపీ మేస్త్రీలు, సైటు ఇంజనీర్లు,
శ్రీకాకుళం