మరుగుదొడ్డి కట్టాకే మొదటి బిల్లు ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్ మొదలైందంటే మా వీధిలో తల్లిదండ్రులు ఒక్కొక్కరే మా ఇంటికి వస్తారు. నేను సివిల్ ఇంజనీరును కదా, నన్ను అడిగేది ఒకటే: "మేడం, పాప సివిల్ కావాలంటోంది, ఎట్లా మాన్పించాలి?" ఈసారి వచ్చినాయన సెంట్రింగ్ మేస్త్రీ. నాన్న వెంట స్లాబుల దగ్గర తిరిగి పెరిగిన పిల్ల ఆయన కూతురు. ఇక్కడి జేఎన్‌టీయూలోనే సివిల్ సీటు వచ్చే ర్యాంకు తెచ్చుకుంది. "సైట్లు ఎట్లుంటాయో నేను రోజూ చూస్తున్నా కదమ్మా, బిడ్డను అక్కడికి పంపలేను" అన్నాడు. ఆ మాటను నేను కాదనలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆడపిల్లలకు ఇంజనీరింగ్ ఎందుకు అనే కాలం ఎప్పుడో పోయింది. మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత గారు 18 ఏళ్లకే భర్తను పోగొట్టుకుని, నెలల పాపను పెంచుకుంటూ, మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. 1943లో చదువు పూర్తి చేశారు. తర్వాత భాక్రా నంగల్ డ్యాం జనరేటర్ల పనిలో ఆమె చెయ్యి ఉంది. మన అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ కూడా 1946లో అదే గిండీలో మొదలై, 1948లో ఇక్కడికి వచ్చింది. నేను చదివింది ఈ అనంతపురం కాలేజీలోనే. క్లాసులో మార్కులు, ల్యాబులో పని, ఎందులోనూ మేం అబ్బాయిలకు తీసిపోలేదు. తేడా అంతా డిగ్రీ చేతికొచ్చి సైట్‌కు వెళ్లాకే మొదలైంది.

నా మొదటి ఉద్యోగం ఒక కాంట్రాక్టు కంపెనీలో, ఉరవకొండ వైపు ఒక కాలువ పని మీద. పిల్లర్లకు కాంక్రీట్ వేసే రోజు తెల్లారకముందే పని మొదలుపెట్టేవాళ్లం. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు, ఆపితే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ మధ్య జాయింటు పడుతుంది. కాంక్రీట్ వచ్చిన ప్రతిసారీ స్లంప్ (అది ఎంత జారుగా ఉందో) చూడాలి, పరీక్షకు క్యూబులు (అచ్చుల్లో పోసిన కాంక్రీట్ దిమ్మెలు) తీయించి వాటి మీద తేదీ, నంబరు రాయించాలి. కాంక్రీట్‌ను కుదించే వైబ్రేటర్ పట్టిన కుర్రవాడు మూలల్లో సరిగా పెడుతున్నాడో లేదో పైనుంచి కనిపెట్టుకుని ఉండాలి. బలం తెలుసుకోవడానికి 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని క్యూబులను ల్యాబులో పగలగొడతారు. వచ్చిన అంకె కింద సంతకం నాది. ఆ పనంటే నాకు ప్రాణం.

అలాంటి రోజున నేను నీళ్లు తాగేదాన్ని కాదు. 42 డిగ్రీల ఎండలో గొంతు మాత్రం తడుపుకుని బాటిల్ మూత పెట్టేసేదాన్ని. ఆడవాళ్లు వెళ్లడానికి కనుచూపు మేరలో చోటు లేదు. ఉన్న కంపచెట్లు కూడా కాలువ తవ్వకానికి కొట్టేశారు. నెలసరి వస్తే ఏదో ఒక సాకు చెప్పి సెలవు పెట్టేదాన్ని. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి జ్వరంతో పడిపోతే డాక్టరమ్మ గట్టిగా మందలించింది, నీళ్లు ఎందుకు తాగవని. తట్టలు మోసే ఆడవాళ్లదీ ఇదే బాధ. చీకటి ఉండగానే బయటికి వెళ్లొచ్చి, మళ్లీ చీకటి పడేదాకా బిగబట్టుకునేవాళ్లు. నాకు నెల జీతం ఉంది కాబట్టి సెలవైనా పెట్టగలిగాను. వాళ్లు పనికి రాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

పాప పుట్టి తిరిగి వెళ్లాక, "మీరు ఆఫీసులో క్వాంటిటీలు చూసుకోండి మేడం, ఎండలో ఎందుకు" అన్నారు. మంచికే అన్నారు, నేనూ సరేనన్నాను. కానీ ప్రమోషన్ వచ్చేసరికి వాళ్లు చూసేది సైట్ అనుభవమే. నా చేతి కింద క్యూబులు తీయడం నేర్చుకున్న కుర్రాళ్లు ప్రాజెక్టు మేనేజర్లయ్యారు. నేను అనంతపురంలో ఒక డిజైన్ ఆఫీసులో ఎస్టిమేట్లు వేస్తున్నాను. ఆడవాళ్లకు సైట్ మీద ఆసక్తి ఉండదని పెద్దవాళ్లు మీటింగుల్లో అంటుంటే నాకు కడుపు మండుతుంది.

నిర్మాణం జరిగే చోట మరుగుదొడ్లు ఉండాలని, ఆడకూలీలు 50 మంది దాటితే వాళ్ల పసిపిల్లలకు గది కూడా ఉండాలని 1996లోనే చట్టం చేశారు. అదే ఏడాది కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు కూడా వచ్చింది. ఆ సెస్సు సర్కారు పనుల్లో మామూలుగా తప్పిపోదు, ఎందుకంటే అది కాంట్రాక్టరు బిల్లులోనే కోత పడుతుంది. సిమెంటు గోడౌను, ల్యాబు షెడ్డు కూడా పని మొదలుకాకముందే లేస్తాయి, అవి లేనిదే పని ముందుకు సాగదు కాబట్టి. మరుగుదొడ్డి లేకపోతే మాత్రం ఏ బిల్లూ ఆగదు. కాబట్టే అది కట్టరు.

ఎస్టిమేట్లు వేసే మనిషిగా నేను అడిగేది చాలా చిన్న విషయం. నీళ్ల వసతి, లోపల గడియ, చెత్తబుట్ట ఉన్న ఆడవాళ్ల మరుగుదొడ్డిని ప్రతి టెండరులో విడిగా ఒక ఐటమ్‌గా చూపించి దానికి రేటు ఇవ్వండి. కోట్ల రూపాయల కాలువ పనిలో అదొక లెక్కలోకి వచ్చే ఖర్చే కాదు. అది కట్టి వాడుకలో ఉందని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఎం.బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, రాసి సంతకం పెట్టాకే కాంట్రాక్టరు మొదటి బిల్లు కదలాలి. పని జరిగే చోటు మారితే అదీ మారాలి. ఎక్కడో క్యాంపు ఆఫీసులో ఒకటి కట్టి, ఐదు కిలోమీటర్ల అవతల పిల్లర్ల దగ్గర ఉన్నవాళ్లకు అదే చూపిస్తే కుదరదు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో మూడో వంతు మహిళలకు రిజర్వేషన్ ఉండడం వల్ల మన జిల్లాలోనూ ఆడపిల్లలు ఏఈలుగా వస్తున్నారు. ఆ చెల్లెళ్లను అడుగుతున్నాను: జీవో వచ్చేదాకా ఆగకండమ్మా. కాంట్రాక్టరుకు ఆదేశాలు రాసే మీ సైట్ ఆర్డర్ బుక్‌లో ఈ వారమే మరుగుదొడ్డి కట్టాలని ఒక వాక్యం రాసి, తేదీ వేసి, కాంట్రాక్టరు మనిషి చేత సంతకం పెట్టించండి. తర్వాత బిల్లు మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు ముందు ఆ పేజీ తీసి చూడండి.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీరు,
అనంతపురం