కొత్త వాలంటీర్లూ, మొదటి పాఠం ఆపండి

సంపాదకులకు,

విద్యా హక్కు చట్టం (2009) ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికీ ఇద్దరు టీచర్లుండాలి. పల్లెల్లో ఆ రెండో మనిషి విద్యా వాలంటీరైతే (తాత్కాలిక టీచరైతే), చేరిన రోజే పుస్తకం తెరవడం మామూలు. ఏ పిల్లాడికి ఎంత వచ్చో తెలియదు కాబట్టి అక్కడే దెబ్బ తింటారు.

మొదటి రెండు రోజులు ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఐదేసి నిమిషాలు చదివించాలి: అక్షరాలు, 'పలక' లాంటి మాటలు, గుణింతాలు, వత్తులు, చివరికి నాలుగు వరుసల పేరా. నాలుగో తరగతి వాళ్లూ వత్తుల దగ్గరే ఆగుతారు. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు మరి! 'అమ్మ' చదివేశాడని మురిసిపోకండి, అది చూసి చూసి గుర్తుండిపోయిన బొమ్మ. 'జన్మ' అడగండి.

బోర్డు మీదిది ముత్యాల్లా ఎక్కించిన నోటుబుక్కునూ నమ్మొద్దు. వరుస మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి చదవమనండి.

లెక్కల్లో 52లోంచి 17 తీస్తే 45 అని రాస్తారు. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే వాళ్లకు తెలిసిన తీసివేత. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి, విడి పుల్లలు చాలని చోట ఒక కట్ట విప్పించండి.

ఆపైన తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి జట్లు చేయాలి. నియామక పత్రంతో పాటు వీటి మీద ఒక్క రోజు శిక్షణ కూడా ఇవ్వాలని విద్యాశాఖకు మనవి.

– ఒక ప్రాథమిక ఉపాధ్యాయుడు, వనపర్తి జిల్లా