ఆరు చక్రాల కారు కిట్‌లో పొట్టి లోయర్ ఆర్మ్‌లు: ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 1/20 స్కేలు టైరెల్ పీ34 (ఆరు చక్రాల ఫార్ములా వన్ రేసు కారు) వైట్‌మెటల్ మోడల్ కిట్‌లో ముందు సస్పెన్షన్ భాగాల లోపం, రీప్లేస్‌మెంట్ కుదరదని మీరు అనడం గురించి.

నమస్కారం.

నేను నల్గొండలో బోరు మోటార్ల వైండింగ్ షాపు నడుపుతాను. జనవరిలో మీ దగ్గర ఈ కిట్ 14,500 రూపాయలు పెట్టి కొన్నాను. బిల్లు కాపీ, ఫొటోలు దీనితో జత చేశాను. ఫిబ్రవరి 3 నుంచి మూడు మెయిళ్లు పెడితే మార్చి 17న రెండు లైన్ల జవాబు వచ్చింది. భాగాలను కస్టమరే మార్చాడు కాబట్టి రీప్లేస్‌మెంట్ కుదరదట. ఇది అనుభవం ఉన్నవాళ్ల కిట్ అట. ఆ రెండు లైన్లు పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమ్మేది మీరే కాబట్టి ఈ కారు సంగతి మీకు తెలిసే ఉండాలి. 1976లో స్వీడన్ గ్రాండ్ ప్రీలో షెక్టర్ మొదటి స్థానంలో, డెపాయే రెండో స్థానంలో వచ్చింది ఈ బండి మీదే. ముందు చక్రాలు ముక్కు చాటున దాగి గాలికి అడ్డుపడకుండా ఉండాలని దీన్ని గీసిన డెరెక్ గార్డ్‌నర్ రెండు పెద్ద చక్రాల బదులు నాలుగు బుల్లి చక్రాలు పెట్టాడు. అసలు కారులో ఆ రిమ్ము 10 అంగుళాలు, అంటే 254 మిల్లీమీటర్లు. ఇరవయ్యో వంతుకు దించితే 12.7. చొక్కా గుండీ కంటే ఓ చిటికెడు పెద్దది, అంతే. అలాంటివి నాలుగు, ఒక్కోదాన్ని బండికి పట్టి ఉంచడానికి పైన ఒక అప్పర్ ఆర్మ్, కింద ఒక లోయర్ ఆర్మ్, ఒక స్ప్రింగు. మామూలు రేసు కారులో రెండు చోట్ల కనపడే తప్పు దీంట్లో నాలుగు చోట్ల కనపడుతుంది.

నా షాపులో తీగ మందం చూసే మైక్రోమీటరు, వెర్నియరు రోజూ చేతిలో ఉండేవే. మీ కాగితం మీద లోయర్ ఆర్మ్ కొలత 22 మి.మీ. అని ఉంది. మీరు పోసిన ముక్కలు 20.9, 20.8, 21.0, 20.9 వచ్చాయి. అప్పర్ ఆర్మ్‌లు మాత్రం కాగితంలో ఉన్నట్టే ఉన్నాయి. అచ్చులో పోసిన లోహం చల్లారాక కొద్దిగా ముడుచుకుంటుందని నాకూ తెలుసు, కానీ అది నూటికి ఐదు వంతులు ముడుచుకోదు, పైగా కింది వాటినే చూసి ముడుచుకోదు. లోపం మీ మాస్టర్‌లోనే, అంటే అచ్చు తీసిన అసలు నమూనాలోనే ఉంది. చక్రం పక్కన రెండు ఆర్మ్‌లకూ మధ్య ఎత్తు 8 మి.మీ. ఆ ఎత్తుకు ఒక మిల్లీమీటరు తేడా వస్తే చక్రం ఏడు డిగ్రీలు వాలిపోతుంది. కింద లోపలికి, పైన బయటికి. పాత ఎడ్లబండి చక్రాలు అలా ఉంటే చూడముచ్చట, రేసు కారుకు కాదు. దీనికి తోడు అప్‌రైట్లు (ఆర్మ్‌ల చివర చక్రాన్ని మోసే నిలువు ముక్కలు) ఎడమవి మూడు, కుడిది ఒకటి పెట్టారు. రెండేసి ఉండాలి కదా?

భాగాలు మార్చానన్నారు, అవును మార్చాను. ఎప్పుడు? మార్చి మొదటి ఆదివారం. అప్పటికి నా మూడు మెయిళ్లూ మీ దగ్గర పడి ఉన్నాయి. మొదటి మెయిల్‌లో పంపిన ఫొటో మళ్లీ తెరిచి చూడండి, ముక్కలు మీ కవర్లోనే, మీ పిన్ను కూడా తీయకుండా ఉన్నాయి. జవాబు రాక, ఎడమ అప్‌రైట్లలో ఒకదాన్ని ఆకురాయితో అరగదీసి కుడిదానిలా చేసుకున్నాను. లోయర్ ఆర్మ్ ఒకదాన్ని కోసి, మధ్యలో ముక్క వేసి పొడిగిద్దామని సోల్డరింగ్ ఐరన్ పెట్టాను. తక్కువ వేడికే కరిగే వైట్‌మెటల్ కదా, అతుకు పడలేదు, ఆర్మే కరిగి బొట్టయ్యింది. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

ఇక నాలుగూ ఇత్తడితోనే చేశాను. ప్రకాశం బజార్లో 0.8 తీగ దొరికింది. మీ కాగితం జిరాక్స్ తీసి ప్లైవుడ్ ముక్కకు అంటించి, మూడు మూలలా సన్న మేకులు కొట్టి, తీగను వాటి చుట్టూ వంచి టంకం పెట్టాను. కీళ్లకు గొట్టాలు కావాలి. 21 గేజీ ఇంజెక్షన్ నీడిల్ బయటి మందం సరిగ్గా 0.8. మెడికల్ షాపులో ఇరవై నీడిళ్లు అడిగితే, "గొర్లకా అన్నా?" అన్నాడు ఆ పిల్లగాడు. కారుకు అని చెప్పినా నమ్మలేదు. నీడిల్‌ను ఊరికే కోస్తే బొక్క మూసుకుపోతుంది. లోపల 28 గేజీ వైండింగ్ తీగ పెట్టి, ఆకురాయి అంచు కింద దొర్లిస్తూ గాటు పెట్టి విరిస్తే శుభ్రంగా తెగుతుంది. నీడిల్ స్టీలు కాబట్టి మామూలు పేస్టుకు టంకం పట్టదు. రేడియేటర్లు అతికే ఆయన దగ్గర నాలుగు చుక్కల ఆసిడ్ అడిగి తెచ్చుకున్నాను. స్ప్రింగులంటారా, అవి నాకు అన్నంతో సమానం. 2 మి.మీ. డ్రిల్ బిట్టు మీద 26 గేజీ తీగ ఎనిమిది చుట్లు. ఇంతా కలిపి ఐదు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు చక్రాలు నిటారుగా ఉన్నాయి.

ఇలా చేత్తో చేసుకోవడం నాకు ఇష్టమే. అది నా సరదా కొద్దీ చేసుకోవాల్సిన పని. డబ్బు కట్టించుకుని, వస్తువు తప్పుగా పంపి, "అనుభవం ఉన్నవాళ్లకు" అని నా మీదికి నెట్టేస్తే దాన్ని సరదా అనరు. కాలిన మోటారు తెచ్చిన రైతుకు నేను సగం చుట్టి ఇచ్చి, మిగతాది అనుభవం ఉంటే నువ్వే చుట్టుకో అంటే ఊరుకుంటాడా?

అసలు ఒళ్లు మండింది ఏప్రిల్లో. మీ టెక్నికల్ విభాగం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. మనిషి మర్యాదస్తుడే. నేను ఎక్కడో పెట్టిన ఫొటోలు చూశాడట. "సార్, మీ ఇత్తడి ఆర్మ్ డ్రాయింగ్ పంపిస్తారా, వేరే కస్టమర్ల నుంచి కూడా ఇదే కంప్లయింట్ వస్తోంది" అన్నాడు. అంటే లోపం ఉందని మీకు తెలుసు. నా మెయిల్‌కు మాత్రం లోపం నాదే!

నాకు కావాల్సినవి ఇవి. సరైన కొలతతో నాలుగు లోయర్ ఆర్మ్‌లు, ఒక కుడి అప్‌రైట్, కొరియర్ ఖర్చు మీదే. నా ఇత్తడివి పీకి మీవి పెడతానని కాదు, నేను డబ్బు కట్టింది వాటికి. కస్టమర్ మార్చాడన్న మాట వెనక్కి తీసుకుంటూ ఒక మెయిల్ కూడా పంపండి. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే నల్గొండలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉన్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

డ్రాయింగ్ గీసి పెట్టాను, కొలతలన్నీ రాసి ఉన్నాయి. పార్సిల్ అందిన రోజు సాయంత్రమే మీ టెక్నికల్ ఆయనకు పంపిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
నల్గొండ